ఊదగడ్డీ, మూడు మాత్రలూ

(ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగువాళ్ల సమావేశంలో మాట్లాడిన మాటల పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసల వాళ్లకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించు బాబూ, కాగితాలు ఎగిరిపోతున్నాయి.

ఇందాక నేను మెట్లెక్కుతుంటే ఒక పెద్దావిడ ఆపారు. ఇక్కడే కూర్చున్నారు, పేరు చెప్పను, చెప్పనని మాటిచ్చాకే ఆవిడ సంగతి ఎత్తుతున్నాను. "మాస్టారూ, ఇదివరకు సిప్రో రెండు మాత్రలేస్తే మూత్రం మంట తగ్గిపోయేది, ఇప్పుడు పదేసినా ఏటీ లేదు, నా ఒళ్లు దానికి అలవాటైపోయినట్టుంది" అన్నారు. సిప్రో అంటే బాక్టీరియాని చంపే మందు, ఒక యాంటీబయాటిక్. నేను రాసుకొచ్చిన మొదటి పేజీ అక్కడే మడిచి జేబులో పెట్టేశాను. ఎందుకంటే ఈ పూట నేను చెప్పాలనుకున్నదంతా ఆవిడ మాటలోని ఒక చిన్న పొరపాటు చుట్టూనే తిరుగుతుంది. అలవాటు పడింది ఆవిడ ఒళ్లు కాదు, ఒంట్లో ఉన్న బాక్టీరియా. నిజం చెప్పాలంటే అవి కూడా అలవాటు పడలేదు. మరేం జరిగింది? అదే కథ.

ముందు నా సంగతి చెప్పేస్తాను. నేను డాక్టర్ని కాదు, మందు రాసే అధికారం నాకు లేదు, కాబట్టి సభ అయ్యాక చీటీలు పట్టుకుని వరస కట్టకండి. ముప్పై ఏళ్లకు పైగా ల్యాబ్‌లో పనిచేశాను. కల్చర్ ప్లేట్లు, అంటే రోగుల నమూనాల్లోని బాక్టీరియాని పెంచే చిన్న పళ్లేలు, పెట్టడం, మర్నాడు పొద్దున్న తీసి చూడటం, అదే ఉద్యోగం. సూడోమోనాస్ అనే బాక్టీరియా పెరిగిన ప్లేటు మూత తీస్తే ద్రాక్షపళ్ల వాసన వస్తుంది. ప్లేటు వాసన చూడకూడదని రూలు ఉంది, చూడని ల్యాబ్ మనిషిని మాత్రం నేను చూడలేదు. ప్రోటియస్ అయితే చెరువులో రాయి వేసినట్టు అలలు అలలుగా పాకుతుంది. ఈ-కోలై, అదే మూత్రం మంటకి ఎక్కువసార్లు కారణమయ్యేది, మెకాంకీ అనే రకం ప్లేటు మీద గులాబీ చుక్కల్లా వస్తుంది. అలా పొద్దున్నే వాటి మొహాలు చూసి ఎవరెవరో పోల్చుకుంటూ బతికినవాణ్ణి.

ఇంకో మాట. ఈ ఊళ్లోనే గిడుగు రామమూర్తి పంతులు గారు బడిలో పాఠాలు చెబుతూ, సవరల దగ్గర కూర్చుని సవర భాష నేర్చుకుంటూ, పుస్తకాల్లో జనం మాట్లాడే తెలుగు రాయండయ్యా అని జీవితమంతా పట్టుబట్టారు. ఆయన తిరిగిన వీధుల పక్కన నిలబడి నేను "సూక్ష్మజీవినాశక నిరోధకత" అంటూ మొదలుపెడితే మీరు నన్ను తీసుకెళ్లి మహేంద్రతనయలో ముంచినా తప్పులేదు. కాబట్టి బాక్టీరియా అంటాను, యాంటీబయాటిక్ అంటాను, మందుకి లొంగకపోవడం అంటాను.

ఇక్కడ వరి పొలం ఉన్నవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. అయితే ఊదగడ్డి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు అచ్చం వరిలాగే ఉంటుంది. అదే పచ్చదనం, అదే నిలువు. కలుపు తీసే ఆడవాళ్లలో చెయ్యి తిరిగినవాళ్లు తప్ప పోల్చుకోలేరు. ఆకు మొదట్లో వరికి ఒక చిన్న పొర ఉంటుంది, ఊదకి ఉండదు, అదొక్కటే గుర్తు. వెన్ను తీశాక గానీ మిగిలినవాళ్లకి తెలీదు. మరి ఊద వరిని చూసి వేషం నేర్చుకుందా? గడ్డికి కళ్లెక్కడివి? వేల ఏళ్లుగా మనుషులు కలుపు తీస్తూ, వరిలా లేని మొక్కనల్లా పీకేశారు. వరిని కాస్త పోలిన మొక్క చేతికి దొరక్కుండా మిగిలింది, విత్తనం రాల్చింది. మరుసటి ఏడు మళ్లీ అదే ఏరివేత. ఊదని వరిలా తయారుచేసింది మన చేతులే. తీసింది కలుపే అయినా ఎంచింది విత్తనాన్ని.

యాంటీబయాటిక్ మాత్ర చేసేది కూడా ఆ కలుపు తీతే. మాత్ర బాక్టీరియాకి ఏదీ నేర్పదు. ముందే లొంగని రకం ఏదైనా గుంపులో ఉంటే, మిగతావాటిని పీకేసి దానికి పొలమంతా అప్పగిస్తుంది.

"ముందే ఉంటే" అన్నాను కదా, ఉంటాయా అని అడుగుతారు. ఈ-కోలైకి తిండి, వెచ్చదనం అన్నీ కుదిరితే 20 నిమిషాలకోసారి ఒకటి రెండవుతుంది. రాత్రి 8 గంటలకి ఒక్కటి పడిందనుకోండి, గంటకి మూడు రెట్టింపుల లెక్కన పొద్దున్న 6 గంటలకి 30 రెట్టింపులు. ఇంటికెళ్లి కాగితం మీద వేసి చూడండి, 107 కోట్లు దాటుతుంది. రెట్టింపయిన ప్రతిసారీ సుమారు 46 లక్షల అక్షరాలున్న జన్యువుల పుస్తకాన్ని మొదటి నుంచీ చివరిదాకా నకలు తీయాలి. ఎంత జాగ్రత్తగా తీసినా కొన్ని వందల నకళ్లకో వెయ్యికో ఒక అక్షరం తప్పు పడుతుంది. ఆ లెక్కన 107 కోట్ల గుంపులో లక్షల తప్పులు. చాలా తప్పులకి లాభమూ లేదు, నష్టమూ లేదు. కొన్నిటితో ఆ బాక్టీరియా చచ్చిపోతుంది. ఎక్కడో ఒకదాంట్లో మాత్రం, మందు వచ్చి పట్టుకోవాల్సిన చోటు కొద్దిగా వంకరపోతుంది. అంతే, మందుకి పట్టు దొరకదు.

ఇది ఊహ కాదా అనే అనుమానం శాస్త్రవేత్తలకీ వచ్చింది. చాలా ఏళ్లు పెద్ద వాదన నడిచింది, బాక్టీరియా మందుని చూశాక మారుతుందా, చూడకముందే మారి ఉంటుందా అని. దీన్ని తేల్చిన ప్రయోగాల్లో నాకు ఇష్టమైనది 1952లో ఎస్తర్ లెడర్‌బర్గ్, జాషువా లెడర్‌బర్గ్ దంపతులు చేసినది, ఎందుకంటే దానికి కావలసిందల్లా ఒక మఖమల్ గుడ్డ. మన కలంకారీ అద్దకంలో దిమ్మతో అద్దుతారే, అలాగ. ఒక ప్లేటులో బాక్టీరియా చుక్కలు పెరిగాయి, మందు ఏమీ లేదు. మఖమల్ గుడ్డని దాని మీద అద్ది, అదే గుడ్డని స్ట్రెప్టోమైసిన్ అనే మందున్న రెండు మూడు ప్లేట్ల మీద ఒకే దిశలో అద్దారు. మర్నాడు చూస్తే మందున్న ప్లేట్లన్నిట్లో ఒకే చోట్ల చుక్కలు మొలిచాయి. మందు చూశాక మారేవైతే ఒక్కో ప్లేటులో ఒక్కో చోట మొలవాలి కదా. వెనక్కి వెళ్లి మొదటి ప్లేటులో అదే చోటు నుంచి తీసి చూస్తే, స్ట్రెప్టోమైసిన్ వాసన కూడా తగలని బాక్టీరియా స్ట్రెప్టోమైసిన్‌కి లొంగలేదు.

కళ్లతో చూడాలంటే 2016లో హార్వర్డ్ వాళ్లు తీసిన వీడియో ఒకటుంది, మీ పిల్లల్ని అడిగితే ఫోనులో వెతికి పెడతారు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న ఒక పెద్ద పళ్లెం, బాక్టీరియా పెరిగే జెల్లీ, అగర్ అంటారు, నల్లటిది పోశారు. రెండు చివర్లా మందు లేదు. లోపలికి వచ్చేకొద్దీ కొంచెం మందు, దానికి పది రెట్లు, వంద రెట్లు, నడిమధ్య వెయ్యి రెట్లు. చివర్లలో ఈ-కోలై వేశారు. తెల్లగా పాక్కుంటూ మొదటి గీత దాకా వచ్చి ఆగిపోతుంది, మన చెక్‌పోస్టు దగ్గర లారీలు ఆగినట్టు వరస కట్టి. కాసేపటికి ఎక్కడో ఒక్క చోట ఒక చుక్క గీత దాటుతుంది, విసనకర్రలా విచ్చుకుంటుంది. అది రెండో గీత దగ్గర ఆగుతుంది, దాని పిల్లల్లో ఒకటి దాటుతుంది. దాదాపు 11 రోజుల్లో వెయ్యి రెట్ల మందులోకి వచ్చేశాయి. మొదటి గీతలు లేకుండా తిన్నగా వెయ్యి రెట్ల మందులో పడేస్తే దాటలేవు. ఇది గుర్తు పెట్టుకోండి, మూడు మాత్రల దగ్గర మళ్లీ వస్తాను.

సరే, లొంగకుండా ఎలా ఉంటాయి? పెన్సిలిన్‌తోనే చెబుతాను. బాక్టీరియాకి చుట్టూ ఒక గోడ ఉంటుంది, లోపల ఒత్తిడి ఎక్కువ. గోడ లేకపోతే ఎక్కువ గాలి కొట్టిన ట్యూబులా పేలిపోతుంది. ఆ గోడ ఇటుకల్ని అతికే మేస్త్రీలు కొన్ని ఎంజైములు. పెన్సిలిన్ చూడ్డానికి ఇటుక చివర లాగే ఉంటుంది. మేస్త్రీ దాన్ని ఇటుకనుకుని పట్టుకుంటాడు, చెయ్యి అతుక్కుపోతుంది, ఇక పని చెయ్యలేడు. గోడ ఆగిపోతుంది, క్రిమి పేలుతుంది. మన ఒంట్లో కణాలకి అలాంటి గోడే లేదు కాబట్టి మనకేమీ కాదు. ఎంత ముచ్చటైన మందో చూడండి.

దీనికి బాక్టీరియా దగ్గర ఉన్న జవాబు ఒక కత్తెర. పెన్సిలిన్ మధ్యలో నాలుగు మూలల చిన్న ఉంగరం ఉంటుంది, దాన్ని టక్కున తెంపే ఎంజైము. అబ్రహాం, చెయిన్ అనే ఇద్దరు ఆ కత్తెర గురించి రాసింది 1940లో. పెన్సిలిన్‌తో మొదటి రోగికి వైద్యం మొదలైంది 1941లో. తేదీలు తప్పు చెప్పలేదు, మందు ఆస్పత్రికి రాకముందే కత్తెర ఉంది. అంతెందుకు, 30,000 ఏళ్ల నాటి గడ్డకట్టిన నేలలో కూడా ఈ కత్తెరల జన్యువులు దొరికాయని 2011లో తేలింది. ఎందుకంటే యాంటీబయాటిక్‌లు మనం కనిపెట్టినవి కాదు, బూజులూ మట్టిలోని బాక్టీరియా ఒకదానితో ఒకటి పోట్లాడుకోవడానికి వాడుకునేవి. ఆ యుద్ధం పాతది, మనం మొన్న వచ్చి ఒక కత్తి అరువు తీసుకున్నాం.

తర్వాత కథ ఎత్తుకి పైఎత్తు. కత్తెరకి దొరకని మెతిసిలిన్ 1959లో వచ్చింది, రెండేళ్లకే, 1961లో, ఇంగ్లండులో దానికి లొంగని స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా కనిపించింది. ఇది కత్తెర వాడలేదు, మేస్త్రీనే మార్చేసింది, కొత్త మేస్త్రీ దొంగ ఇటుకని పట్టుకోడు. ఇంకోవైపు కత్తెరకి ఎర వేద్దామని క్లావులానిక్ ఆమ్లం కలిపారు, మీ చీటీల్లో చివర "క్లావ్" అని ఉంటుందే అది. అది తనంతట తాను క్రిమిని పెద్దగా చంపదు, కత్తెరకి అడ్డంపడి నోరు మూయిస్తుంది, పక్కనున్న అమాక్సిసిలిన్, పెన్సిలిన్ కుటుంబం మందే, తన పని చేసుకుంటుంది. దానికీ లొంగని పెద్ద కత్తెరలు వచ్చాయి. కార్బాపెనెమ్ అనే పెద్ద మందులు దించారు. వాటినీ తెంపే కత్తెర ఒకటి 2009లో బయటపడింది, ఢిల్లీలో వైద్యం చేయించుకుని స్వీడన్ వెళ్లిన మనిషిలో దొరికింది కాబట్టి దానికి మన న్యూఢిల్లీ పేరే తగిలించారు, ఎన్‌డీఎమ్ అని. మనవాళ్లకి కోపం వచ్చింది, రావడంలో తప్పు లేదు, కానీ పేరు మీద పోట్లాడినంత గట్టిగా మనం కత్తెర మీద పోట్లాడలేదని నా బాధ.

ఇంకో దారి ఉంది, అది చెప్పాలంటే మన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోవాలి. భీమవరంలో పుట్టి అమెరికాలో లెడర్లే కంపెనీ పరిశోధనలకి పెద్దగా ఉన్న రోజుల్లోనే, అక్కడ బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనిపెట్టారు, 1948లో లోకానికి తెలిసింది, టెట్రాసైక్లిన్‌ల కుటుంబంలో మొదటిది అదే. టెట్రాసైక్లిన్ క్రిమి లోపలికి వెళ్లి ప్రొటీన్ల తయారీని ఆపుతుంది. దీనికి కొన్ని బాక్టీరియా ఏం చేశాయంటే, పొలంలో నీళ్లు నిలిస్తే మోటారు పెట్టి తోడేస్తామే, అదే పని. లోపలికి వచ్చిన మందుని వచ్చినట్టే బయటికి తోడేసే పంపు. మందు చెక్కుచెదరదు, మేస్త్రీ మారడు, కానీ లోపల మందు నిలవదు.

అదే లెడర్లేలో ఇంకోటి జరిగింది. ఆరియోమైసిన్ తీయగా మిగిలిన మడ్డిని కోడిపిల్లలకి పెడితే అవి తొందరగా బరువు పెరిగాయి. అక్కడ నుంచి దాణాలో కొంచెం కొంచెం యాంటీబయాటిక్ కలపడం లోకమంతా పాకింది. కొంచెం కొంచెం అంటే ఏమిటి? పెద్ద పళ్లెంలో మొదటి గీతే కదా! చివరి ఆయుధంగా దాచుకున్న కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ని కూడా పశువులకీ కోళ్లకీ పోశారు. దాన్ని తట్టుకునే జన్యువు ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి దూకుతోందని 2015లో చైనా నుంచి తెలిసింది, మన దేశం 2019లో ఆహారం కోసం పెంచే జంతువులకి కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది.

"దూకుతోంది" అన్నాను. ఇప్పుడు అసలైన చోటికి వచ్చాం, ఈ ఊరివాళ్లకి ఇది నాకంటే బాగా అర్థమవుతుంది. ఇక్కడ మనకి తెలుగు ఎవరు నేర్పారు? అమ్మ. ఒడియా ఎవరు నేర్పారు? వీధి. బడిలో పక్క కుర్రాడు, బజారులో కూరలమ్మే ఆవిడ, ఆఫీసులో గుమాస్తా. అమ్మ నుంచి వచ్చేది తరం దాటి కిందికి దిగుతుంది. వీధి నుంచి వచ్చేది పక్కకి పాకుతుంది, వంశంతో పని లేదు, ఒక సాయంత్రం ఆటలో నాలుగు ముక్కలు అంటుకుంటాయి. బాక్టీరియాకి రెండు దారులూ ఉన్నాయి. నకలులో తప్పు పడి వచ్చే గుణం తల్లి నుంచి పిల్లకి. కానీ వాటి దగ్గర ప్లాస్మిడ్ అని చిన్న గుండ్రటి జన్యువుల చుట్ట ఉంటుంది, అసలు పుస్తకం కాదు, పచ్చడి కొలతలు రాసుకున్న చీటీ లాంటిది. రెండు క్రిములు ఒక గొట్టంతో ఒకదాన్నొకటి తగులుకుని చీటీ నకలు ఇచ్చేసుకుంటాయి. ఒకే జాతివి కానక్కర్లేదు. ఈ-కోలై నుంచి టైఫాయిడ్ క్రిమికి, దాన్నుంచి ఇంకోదానికి.

1950ల్లో జపాన్‌లో జిగట విరేచనాల క్రిమి ఒకేసారి నాలుగు మందులకి లొంగకుండా పోయినప్పుడు ఈ సంగతి బయటపడింది. నాలుగు వేరువేరు తప్పులు ఒకే క్రిమిలో ఒకేసారి పడటం లెక్క ప్రకారం కుదరదు, కానీ నాలుగు పచ్చళ్ల కొలతలు ఒకే చీటీ మీద రాసి ఉంటే కుదురుతుంది. ఇందాక చెప్పిన స్వీడన్ రోగిలో కూడా ఎన్‌డీఎమ్ జన్యువు క్లెబ్సియెల్లా అనే బాక్టీరియాలోనూ ఉంది, అదే మనిషి పేగుల్లోని ఈ-కోలైలోనూ ఉంది.

టైఫాయిడ్ చూడండి. 1948 నుంచి క్లోరంఫెనికాల్ వచ్చింది, పెద్దవాళ్లకి "క్లోరోమైసిటిన్ మాత్రలు" అంటే గుర్తుంటుంది, అంతకుముందు ఇరవయ్యొక్క రోజులు జ్వరం, లంకణాలు, ఆ పైన దేవుడి దయ. 1972లో కాలికట్‌లో దానికి లొంగని టైఫాయిడ్ కనిపించింది, ఆ గుణం చీటీ మీదే వచ్చింది. తర్వాత సిప్రో కాలం, అదీ పోయింది. తర్వాత సెఫ్ట్రియాక్సోన్ సూదులు. 2016లో పాకిస్తాన్ సింధులోని హైదరాబాదులో, మన హైదరాబాదు కాదు, సెఫ్ట్రియాక్సోన్‌కి కూడా లొంగని టైఫాయిడ్ మొదలైంది, మళ్లీ ఒక చీటీతోనే. మన హైదరాబాదు సంగతంటారా, అక్కడ తయారైన టైఫాయిడ్ టీకాని 2017 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. రాని రోగానికి మందక్కర్లేదు కాబట్టి నాకు అదే పెద్ద వార్త. పిల్లలున్నవాళ్లు దాని గురించి డాక్టర్ని అడగండి.

అయితే చీటీ మోయడం ఉచితం కాదు. నకలు తీసిన ప్రతిసారీ దాన్నీ తీయాలి, పంపు నడపాలంటే కరెంటు లాగ శక్తి కావాలి. మందు లేని చోట చీటీ లేనివే ఒక అడుగు ముందుంటాయి. భువనేశ్వర్‌లో పుట్టి పెరిగిన మన మనవలకి తెలుగు ఎందుకు జారిపోతోంది? వాడే చోటు లేక. అలాగే చాలా చోట్ల క్లోరంఫెనికాల్ వాడకం తగ్గాక మన దేశంలోనే టైఫాయిడ్ క్రిములు మళ్లీ దానికి లొంగుతున్నాయి. ఇది ఎప్పుడూ ఇలాగే జరుగుతుందని ఆశ పెట్టుకోకండి, కొన్ని క్రిములు మోతబరువు తగ్గించుకునే ఉపాయం కూడా పట్టేస్తాయి.

ఇప్పుడు మూడు మాత్రలు. ఇక్కడ ముందు నా తప్పు ఒప్పుకోవాలి. మా అమ్మాయి చిన్నప్పుడు జలుబుతో పడుకుంటే, పొద్దున్న పరీక్ష ఉందని టెన్షన్‌తో, ఒక మెడికల్ షాపుకెళ్లి "మంచి పవరున్న మందివ్వండి" అన్నాను. అజిత్రోమైసిన్ మూడు మాత్రలిచ్చాడు. పగలంతా ప్లేట్లు చూసొచ్చిన మనిషిని, సాయంత్రం అవే మాత్రలు జేబులో వేసుకుని ఇంటికెళ్లాను. జలుబు వైరస్ వల్ల వస్తుంది, వైరస్‌కి గోడా లేదు, మేస్త్రీ లేడు, అజిత్రోమైసిన్ ఆపే ప్రొటీన్ల తయారీ కూడా దానికి సొంతంగా లేదు, కాబట్టి ఆ మాత్ర దాన్ని ఏమీ చెయ్యదు. మూడో రోజుకి జలుబు తగ్గింది, మాత్ర వెయ్యకపోయినా తగ్గేదే, కానీ ఇంట్లో పేరు మాత్రకొచ్చింది. మర్నాడు మా తోడల్లుడు కూడా అదే పేరు అడిగి రాసుకున్నాడు.

మరి ఆ మాత్ర ఒంట్లో ఏం చేసింది? జలుబుని వదిలేసి మిగతా అందరి మీదా పడింది. మన పేగుల్లో లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయి, చాలావరకు మనకి మంచి చేసేవే. గొంతు కోసం వేసినా, పంటి కోసం వేసినా, మాత్ర రక్తంతో పాటు అన్ని చోట్లకీ వెళ్తుంది, పేగుల్లో కలుపు తీత మొదలవుతుంది. లొంగనివి మిగులుతాయి, చీటీలు పట్టుకుని. రేపు నిజంగా హాని చేసే క్రిమి అటుగా వస్తే ఆ చీటీ అందుకుంటుంది. మెట్ల దగ్గర కలిసిన ఆవిడకి మంట తెచ్చిన ఈ-కోలై ఎక్కడినుంచి వచ్చి ఉంటుంది? సాధారణంగా సొంత పేగుల్లోంచే. అంటే ఎప్పుడో దేనికో వేసుకున్న మాత్రలు అక్కడ విత్తనాన్ని ఎంచి పెట్టాయన్నమాట.

పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలో ఈ కథే చెప్పాడు. ఒకాయనకి గొంతు నొప్పి, సొంతంగా పెన్సిలిన్ కొనుక్కుని చాలీచాలకుండా వేసుకుంటాడు, క్రిములు చావవు, లొంగనివి తయారవుతాయి, అవి భార్యకి అంటుకుంటాయి, ఆవిడకి న్యుమోనియా వస్తుంది, పెన్సిలిన్ పనిచెయ్యదు, ఆవిడ చనిపోతుంది. మందు బజారులోకి పూర్తిగా రాకముందే కనిపెట్టినవాడే చెప్పిన మాట ఇది. 2019 ఒక్క సంవత్సరంలో మందులకి లొంగని బాక్టీరియా వల్లనే 12 లక్షల 70 వేల మంది చనిపోయారని అంచనా.

అయితే కోర్సు పూర్తిచేయండి, పూర్తిచేయండి అని అందరూ అంటారు కదా, అక్కడ కూడా మాట కాస్త చూసుకుని చెప్పాలి. అన్నిటికీ ఎక్కువ రోజులే మంచిదని లేదు, అవసరానికి మించి వేసిన ప్రతి రోజూ పేగుల్లో ఇంకో రోజు కలుపు తీతే, దీని మీద 2017లో బ్రిటన్ వైద్యులు గట్టిగానే రాశారు. ఎన్ని రోజులో డాక్టరు చెప్పాలి, మన ఒంట్లో బాగుందనిపించడం చెప్పకూడదు. మిగిలిన మాత్రలు డబ్బాలో దాచి ఇంకో జ్వరానికి వెయ్యకూడదు.

టీబీ మాత్రం వేరు. అక్కడ వాదన లేదు, లెక్క ఉంది. టీబీ పుండు పడ్డ ఊపిరితిత్తిలో కోట్ల క్రిములుంటాయి. టీబీకి వాడే మందుల్లో ఐసోనియాజిడ్‌కి లొంగనిది సుమారు పది లక్షల్లో ఒకటి, రిఫాంపిసిన్‌కి లొంగనిది పది కోట్లలో ఒకటి. ఒక్క మందే ఇస్తే లొంగనిది తప్పకుండా ఉంటుంది, 1940ల్లో ఒక్క స్ట్రెప్టోమైసిన్‌తో వైద్యం చేసినప్పుడు రోగులు మొదట లేచి తిరిగి, తర్వాత చాలామంది మళ్లీ పడింది అందుకే. రెండిటికీ ఒకేసారి లొంగనిది కావాలంటే పది లక్షలని పది కోట్లతో గుణించండి, అన్ని క్రిములు ఏ ఊపిరితిత్తిలోనూ ఉండవు. అందుకే అన్ని మాత్రలు కలిపి ఇస్తారు, అందుకే ఆరు నెలలు, ఎందుకంటే కొన్ని క్రిములు కుంభకర్ణుడిలా నిద్రపోతుంటాయి, లేచినప్పుడు మందు అక్కడ ఉండాలి. నెల రోజులకి దగ్గు తగ్గింది కదా అని కేరళకో, బెంగళూరుకో పనికి వెళ్లిపోయి మాత్రలు మానేసినవాళ్లు మన చుట్టూ ఉన్నారు. వాళ్లని తిట్టకండి, పని మానితే పూట గడవదు, ఏ ఊరు వెళ్లినా అక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలో అవే మందులు ఉచితంగా కొనసాగించవచ్చని చెప్పండి.

మెడికల్ షాపుల గురించి అడుగుతారని తెలుసు. చాలా యాంటీబయాటిక్‌లకి షెడ్యూల్ హెచ్-1 అనే రూలు ఉంది, డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు, చీటీ చూసి ఇచ్చినా వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. 2016 నుంచి స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే సొంతంగా కొనొద్దు అని ప్రచారం కూడా చేస్తున్నారు. మీ ఇంట్లో మందుల డబ్బా తీసి ఎన్ని స్ట్రిప్పుల మీద ఎర్ర గీత ఉందో ఈ రాత్రి లెక్కపెట్టండి. నా ఇంట్లో రెండున్నాయి, సిగ్గుగానే చెబుతున్నాను.

తప్పంతా మనదే అనుకోకండి. 2007లో హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో, మందుల ఫ్యాక్టరీల మురుగుని శుద్ధి చేసి వదిలిన నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రో ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు కొలిచారు. వాగులో కూడా కలుపు తీతే.

పొద్దున్న పళ్ల మీద పాచి ఉంటుంది కదా, అది కూడా బాక్టీరియా కట్టుకున్న జిగురు ఇల్లే. మూత్రం గొట్టాల మీద, విరిగిన ఎముకకి వేసిన రాడ్డు మీద కూడా అలాంటి పాచి కడతాయి, లోపలికి మందు సరిగ్గా చేరదు, చేరినా నిద్రలో ఉన్నవి చావవు. బ్రష్షుతో తోమినట్టు గొట్టం తీసి మార్చడమే చాలాసార్లు దారి. దీని మీద ఇంకో పూట మాట్లాడొచ్చు.

ఇప్పుడు ఆవిడ కాగితం. మెట్ల దగ్గరే చేతిలో పెట్టారు, కల్చర్ రిపోర్టు. చాలామంది చివర సంతకం చూసి మడిచేస్తారు, కాబట్టి ఎలా చదవాలో చెబుతాను. మీ నమూనాలోంచి పెరిగిన క్రిమిని ప్లేటు నిండా పరుస్తాం. ఒక్కో మందు తడిపిన 6 మిల్లీమీటర్ల కాగితం బిళ్లలు దాని మీద పెడతాం, బొట్టుబిళ్లల్లా ఉంటాయి. మర్నాడు బిళ్ల చుట్టూ ఖాళీ వలయం ఉంటే మందు పనిచేసినట్టు, స్కేలు పెట్టి కొలుస్తాం. వలయం తగినంత ఉంటే ఎస్, లేకపోతే ఆర్, మధ్యరకం ఐ. బిళ్ల అంచుదాకా క్రిమి ఒత్తుగా పెరిగి ఉంటే అది చూసినప్పుడల్లా ఇన్నేళ్లకీ నాకు కడుపులో ఏదోలా ఉంటుంది.

ఆవిడ కాగితంలో సిప్రో ఆర్. అమాక్సిసిలిన్ ఆర్. కో-ట్రైమాక్సజోల్ ఆర్. సెఫ్ట్రియాక్సోన్ కూడా ఆర్. కింద నుంచి మూడో వరసలో నైట్రోఫ్యూరాంటోయిన్ అని ఉంది, దాని ఎదురుగా ఎస్. 1953 నుంచి ఉన్న మందు. క్రిమి లోపల ఒక్క చోట కాకుండా చాలా చోట్ల ఒకేసారి దెబ్బ కొడుతుంది కాబట్టి ఒక్క తప్పుతో తప్పించుకోవడం కష్టం. పైగా మూత్రంలోనే చేరుతుంది, రక్తంలో ఎక్కువ నిలవదు, వేరే రోగాలకి పనికిరాదు. జ్వరానికీ జలుబుకీ ఎవరూ వాడకపోవడం వల్ల మిగిలింది.

చదివి చెబితే ఆవిడ అడిగారు, "పాత మందు, చవక మందు కదా మాస్టారూ, దానికి పవరుంటుందా?" అని. అప్పటికే నన్ను లోపలికి పిలుస్తున్నారు, జవాబు చెప్పలేదు. అమ్మా, మందు పవరు ధరలో ఉండదు, మీ క్రిమి దానికి లొంగుతుందా లేదా అన్నదే. రేపు పొద్దున్న ఈ కాగితం డాక్టరు గారికి చూపించండి. కిడ్నీలు సరిగా పనిచెయ్యకపోతే ఆ మందు ఇవ్వరు, కాబట్టి ఇంట్లో క్రియాటినిన్ రిపోర్టు, అదే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, ఉంటే అదీ పట్టుకెళ్లండి, లేకపోతే ముందు ఆ పరీక్ష చేయించమని అడగండి. ఇదిగో మీ కాగితం, నా దగ్గరే ఉండిపోయింది. బాబూ, ఇది ఆవిడకి అందించు.